గడప లోపలి చెప్పులు

పోయిన ఏడాది చెన్నైలో ఒక పెద్ద హోటల్లో ఎముకల డాక్టర్ల సభ జరిగింది. మా డాక్టర్ బాలసుబ్రమణ్యం గారు ఆ సభలో తమ పరిశోధన ఫలితాలు రాసిన ఒక పోస్టరు పెట్టారు. షుగరు వల్ల కాళ్లలో స్పర్శ పోయిన రెండువందల పన్నెండు మందిని పద్దెనిమిది నెలలు గమనించామనీ, అందులో సగం మందికి ప్రత్యేకంగా చెప్పులు చేయించి ఇచ్చామనీ, అవి వేసుకున్నవాళ్లకీ మామూలు చెప్పులు వేసుకున్నవాళ్లకీ పుండ్లు పడటంలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదనీ దాని సారాంశం. కింద ఆరుగురి పేర్లున్నాయి. ఆరో పేరు నాది, పవిత్ర. ఆ పరిశోధనలో నేను చేసిన ఘనకార్యమల్లా ఫారాలు నింపడం. ఆ చెప్పులన్నీ చేత్తో కోసి చేసిన మనిషి పేరు మాత్రం ఎక్కడా లేదు. లేకపోవడమే మంచిదైంది. ఆ అబద్ధం కింద ఆయన పేరు కూడా ఉండి ఉంటే నాకు ఇంకా ఒళ్లు మండేది.

ఆయన పేరు దామోదరం. వడమాలపేట దగ్గర పల్లె. అరవై నిండటానికి ఇంకా రెండేళ్లుంది. తిరుపతిలో మా ఆస్పత్రి ఎముకల విభాగం చివర, పిండికట్లు కట్టే గది పక్కన, ఒకప్పుడు చీపుర్లూ బకెట్లూ పెట్టుకునే గదిలో ఆయన పనిచేసేవాడు. ఒక పీట, ఒక సానరాయి, రెండు కత్తులు, జిగురు డబ్బా, గోడకు ఆనించిన రబ్బరు షీట్లు, అంతే ఆయన సామాను. గది బయట బోర్డు లేదు. ప్రతి డాక్టరుకీ తలుపు మీద పేరూ దాని పక్కన నాలుగు డిగ్రీలూ ఉండే ఆస్పత్రిలో ఆయన్ని అందరూ 'ఆ చెప్పులాయన' అనే పిలిచేవారు. ఉద్యోగం కూడా ఆస్పత్రిది కాదు, ఎవరో ఏజెన్సీ వాళ్లది. పని పడినప్పుడు మా మనిషి, పని లేనప్పుడు ఎవరో.

వాళ్ల నాయన చెంగల్రాయుడు పల్లె అంతటికీ చెప్పులు కుట్టాడు. కుట్టిన జతలు పెద్దవీధిలో ఎవరి వాకిట్లో వాళ్లకు పెట్టి, తన చెప్పులు మాత్రం చంకలో పెట్టుకుని ఆ వీధి దాటేవాడట. ఈ సంగతి చెప్పేటప్పుడు దామోదరం బాధపడడు. నవ్వుతాడు.

“మా నాయన చెప్పులు చంకలో ఉండగా సూసినోళ్లు ఆ వీధిలో చానా మంది ఉండారు పవిత్రమ్మా. కాళ్లకుండగా సూసినోళ్లు ఒక్కరూ లేరు.”

పదిహేడేళ్ల వయసులో ఆయన ఒక కుష్ఠు ఆస్పత్రిలో పనికి కుదిరాడు. స్పర్శ లేని కాలికి చెప్పు ఎలా కొయ్యాలో అక్కడి మేస్త్రీ నేర్పించాడు. ఎక్కడ ఎముక పొడుచుకొచ్చిందో అక్కడ రబ్బరును గుంటగా చెక్కాలి. మేకు వాడకూడదు. కుట్టు లోపలికి తగలకూడదు. బొటనవేలు దూర్చే తోలు ఉంగరం పెట్టకూడదు, వేలు కోసుకుంటుంది. ఇరవై ఏళ్లు అదే పని. తర్వాత కుష్ఠు తగ్గి, ఆ ఆస్పత్రి మూతపడి, షుగరు జబ్బు పెరిగి, ఆయన మా దగ్గరికి వచ్చాడు. జబ్బు మారినా కాళ్లు అవే అంటాడు. మా జూనియర్ డాక్టర్లు కాలి మీద నైలాన్ పోగు ఆనించి 'తెలుస్తోందా, తెలుస్తోందా' అని పది చోట్ల అడిగి కాగితం మీద రాసుకునేది, ఆయన మనిషి నడుచుకుంటూ లోపలికి వస్తుండగానే చెప్పేసేవాడు. వాళ్లకది నచ్చేది కాదు.

షుగరు పాతబడితే కాళ్లు ఎలా మొద్దుబారుతాయో చూడనివాళ్లకు చెప్పినా నమ్మరు. ఏర్పేడు నుంచి ఒక రైతు చెప్పులోంచి పాదంలోకి దిగిన మేకుతో బస్సు దిగి, మెట్లెక్కి, మా ముందు బెంచీ మీద కూర్చుని, కాళ్లకేం బాధ లేదు సామీ, కళ్లే మసకగా ఉండాయి అన్నాడు. నొప్పి లేకపోవడం ఆరోగ్యమనుకుంటారు. నొప్పి లేదు కాబట్టి లోపల ఎముక విరిగినా నడుస్తూనే ఉంటారు. నడిచేకొద్దీ విరిగిన ఎముక పిండి అవుతుంది. పాదం మధ్యలో ఉండే వంపు కూలిపోయి కిందికి ఉబ్బుతుంది. ఆ ఉబ్బు మీదే ఒంటి బరువంతా పడి అక్కడే పుండు పడుతుంది. ఆ పుండు ఎముకకు చేరితే కాలు తియ్యడమే.

శకుంతలమ్మ మా దగ్గరికి వచ్చింది సరిగ్గా అలాగే. చిత్తూరు బజారు వీధిలో కిరాణా అంగడి వాళ్లు. ఆమెకు అరవై రెండేళ్లు. భర్త పోయాడు. కొడుకు మునికుమార్ అంగడి చూసుకుంటాడు. కుడి పాదం వాచి, ఎర్రబడి, వేడిగా ఉంది. నొప్పి మాత్రం లేదు. అప్పటికే ఒకరు బెణుకని నూనె రాసి తోమించారు, ఇంకొకరు చీము పట్టిందని పది రోజులు మాత్రలు మింగించారు. దామోదరం చేతి వెనక భాగం ముందు ఎడమ పాదం మీద, తర్వాత కుడి పాదం మీద పెట్టి చూసి, “ఎముకలు కూలిపోతా ఉండాయి, నడవనియ్యద్దండి” అన్నాడు. ఎక్స్‌రే కూడా అదే చెప్పింది. బాలసుబ్రమణ్యం గారు పిండికట్టు వేసి నాలుగు నెలలు మంచం దిగనివ్వలేదు. ఆయన చేతి పని మంచిదే, ఆ మాట కాదనను. కట్టు విప్పేసరికి ఎముకలు అతుక్కున్నాయి, కానీ పాదం అడుగు పడవ అడుగులా కిందికి వంగి నిలిచిపోయింది. ఆ వంపుకు సరిపోయేలా దామోదరం మూడు రోజులు చెక్కి, తీసి, మళ్లీ చెక్కి ఒక జత చేశాడు. ఆమెను మా అధ్యయనంలో ప్రత్యేక చెప్పుల వర్గంలో చేర్చాం.

“ఇది చెప్పు కాదమ్మా, నీ ఎముక కింద దిండు” అని చెప్పాడు దామోదరం. “దీన్ని ఇడిసిపెట్టి ఒక్క అడుగు గూడా ఎయ్యద్దు.”

“అట్లే నాయనా. నా బాగు కోసమే గదా చెప్తా ఉండావు” అంది శకుంతలమ్మ. ఆమె మంచి మనిషి. ఎవరు ఏం చెప్పినా తలూపేది, చెప్పింది చేసేది కూడా.

మూడు నెలలకోసారి నేను ఫారం నింపాలి. అందులో పన్నెండో ప్రశ్న: మీకిచ్చిన పాదరక్షలు ధరిస్తున్నారా? ఎల్లప్పుడూ, అప్పుడప్పుడూ, అరుదుగా. ఆ ప్రశ్న ఎక్కడో చలిదేశంలో, మంచం దిగితే బూట్లలో కాళ్లు పెట్టే మనుషుల కోసం ఎవరో రాసింది. దాన్ని తెలుగులోకి మార్చింది నేనే. మార్చినందుకు మెచ్చుకున్నారు కూడా. దాదాపు అందరూ ఎల్లప్పుడూ అనే చెప్పారు. శకుంతలమ్మ అయితే, “చెప్పులేసుకోకుండా యాడికీ పోనమ్మా” అంది. నేను గడిలో టిక్కు పెట్టి పేజీ తిప్పాను.

ఆరో నెలలో, ఏప్రిల్ చివర్లో, ఆమె కుడి పాదం కింద సరిగ్గా ఆ ఉబ్బు మీద రూపాయి బిళ్లంత పుండుతో వచ్చింది. బాలసుబ్రమణ్యం గారికి కోపం వచ్చింది. పుండు మీద కాదు, నా ఫారం మీద.

“ఎప్పుడూ వేసుకుంటే పుండు ఎట్లా వస్తుంది? కోతలో తప్పన్నా ఉండాల, ఈమె అబద్ధమన్నా చెప్తూ ఉండాల” అంటూ దామోదరాన్ని పిలిపించి, రోగులూ నర్సులూ జూనియర్లూ చూస్తుండగా ఆ చెప్పు ఆయన ముఖం ముందు పెట్టి అడిగారు. ఎవరి కాలో తాకి విడిచిన చెప్పును అలా మనిషి ముఖానికి చూపించకూడదని అంత చదువుకున్నాయనకు తెలియకపోదు. దామోదరం చెప్పును రెండు చేతులతో అందుకుని గోడ పక్కన నిలబడ్డాడు.

నాకూ చిరాకు పుట్టింది. నా లెక్కలు చెడగొట్టిన మనిషి ఎదురుగా కూర్చుని ఉంది. పక్కనున్న మునికుమార్‌తో అన్నాను, “నిజం చెప్పండి. మీ అమ్మ ఇవి వేసుకుంటా ఉండారా లేదా? కాణిపాకంలో ప్రమాణం చేసి చెప్తారా?”

మా జిల్లాలో ఈ మాట ఎవరి నోట్లోనైనా తేలిగ్గా వస్తుంది. దొంగతనం చేయలేదన్నా, తాగుడు మానేశానన్నా, పొలం గట్టు జరపలేదన్నా, కాణిపాకం వినాయకుడి ముందు తడిగుడ్డలతో నిలబడి చెప్పమంటారు. చెప్తే నమ్ముతారు. నేను విసుగులో అనేసి మర్చిపోయాను. మునికుమార్ మర్చిపోలేదు. మొహం జేవురించింది.

“మా ఇంట్లో అబద్ధాలాడే అలవాటు లేదు మేడం” అని తల్లిని లేపి తీసుకెళ్లాడు.

వాళ్లు వెళ్లాక దామోదరం నన్ను తన గదిలోకి పిలిచాడు. శకుంతలమ్మ కుడి చెప్పును తన దగ్గరే ఉంచుకుని, పుండు కట్టు కింద పట్టే వేరే చెప్పు తొడిగి పంపాడు. ఈ చెప్పును తిరగేసి నాకు చూపించాడు.

“ఆర్నెల్లు ఎప్పుడూ ఏసుకున్న చెప్పు ఇట్లుంటాదా? అడుగు సూడు, గరుకు గూడా పోలా. ఇంక ఆమె పాదం సూసినావా? మడమ పగుళ్లలో ముగ్గుపిండి ఉండాది. వేళ్ల సందులో పసుపు. పొయ్యికాడ నూనె తొక్కిన మరకలు.”

“అయితే అబద్ధమే చెప్పిందన్నమాట.”

“అబద్ధమాడలా” అన్నాడు గట్టిగా. “చెప్పులేసుకోకుండా యాడికీ పోను అనింది. పోదు. ఇంట్లో ఉంటే ఆమె యాడికీ పోయినట్టు కాదు గదా. పొద్దన్నుంచి రాత్రి దాకా వంటిల్లు, పూజగది, వాకిలి, ఒట్టి కాళ్లతో ఎన్ని అడుగులేస్తాదో లెక్కేసుకో. నువ్వు అడగనే లేదు. ఇంట్లో ఏసుకుంటా ఉండావా అని అడుగు.”

నేనూ మా ఇంటి గడప దగ్గర చెప్పులు విడిచే మనిషినే. పుట్టిన దగ్గర్నుంచీ రోజూ విడుస్తున్నాను. నూట ఆరుగురిని అడిగిన ప్రశ్నలో ఇల్లు అన్న మాటే లేదని నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

“ఫారంలో ఆ గడి లేదు దామోదరం గారూ” అన్నాను. ఆ మాట ఇప్పటికీ గుర్తొస్తే నన్ను నేను తిట్టుకుంటాను.

“గడి లేకపోతే గీసుకో.”

వెళ్లి బాలసుబ్రమణ్యం గారికి చెప్పాను. మధ్యలో ప్రశ్న మారిస్తే అంతకుముందు తీసిన జవాబులన్నీ పనికిరాకుండా పోతాయనీ, పరిశోధనలకు అనుమతిచ్చే కమిటీ ఒప్పుకోదనీ, ఇప్పటికే గడువు మీద పడిందనీ ఆయన శాంతంగా వివరించారు. నేను బుద్ధిగా తలూపి వచ్చేశాను. ఉద్యోగం చేసేవాళ్లకు మెడ అందుకే ఉంటుంది.

దామోదరం ఊరుకోలేదు. అంగట్లో కొత్త పసుపు గుడ్డ కొన్నాడు. తోలు ముక్క ఒక్కటి కూడా లేకుండా, రబ్బరు పైన ఆ గుడ్డ అతికించి, ఇంట్లో వేసుకోవడానికి ఒక జత చేశాడు. ఎవరూ చెయ్యమనలేదు. రెండో ఆదివారం దాన్ని కొత్త సంచిలో పెట్టుకుని చిత్తూరు బస్సెక్కడానికి బయల్దేరుతూ నన్నూ రమ్మన్నాడు.

“నేనెందుకు?”

“నేనొక్కడ్నే పోతే గడప కాడ నిలబెట్టి మాట్లాడి పంపిస్తారు. నువ్వుంటే కుర్చీ ఏస్తారు.”

నిజంగానే వేశారు, వసారాలో. మునికుమార్ నా మీది కోపం మర్చిపోయినట్టు ఎంతో మర్యాదగా పలకరించాడు. నన్ను లోపలికి రమ్మన్నాడు. నేను దామోదరం పక్కనే కూర్చుంటే ఇంకోసారి రమ్మన్నాడు. కాఫీ వచ్చింది. నాకు స్టీలు గ్లాసులో, దామోదరానికి కాగితం కప్పులో. అంగడి వాళ్లిల్లు, కాగితం కప్పులకు కొదవ లేదు. దామోదరం ఆ కప్పు వైపు చూసి, నా గ్లాసు వైపు చూసి, ఊదుకుంటూ తాగాడు. నాకూ కాగితం కప్పే ఇమ్మని అడగాలనుకుని, గ్లాసులోదే తాగాను. నా గొప్పతనం అంతవరకే.

శకుంతలమ్మ సంతోషంగా వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది.

“నిన్న కాణిపాకం పొయ్యొచ్చినాం మేడం. మీరు అడిగినారు గదా, ప్రమాణం చేసేసి వచ్చినా.”

“చెప్పులు...” అన్నాను.

“గుడికాడ చెప్పులెట్లా? కారులోనే ఇడిసిపెట్టినా. మిట్టమధ్యాన్నం, ఎండ మండిపోతా ఉండాది. ఆడ గోనెపట్టాలు పరిచి నీళ్లు కొడతానే ఉండారు. నేను పట్టా మీద నడవలా. సుకంగా నడిసిపొయ్యి చేసేది ఏం ప్రమాణం? పక్కన రాతి మీదనే మూడు సుట్లు తిరిగినా. నీళ్లు పోసుకుని తడిగుడ్డలతో చెప్పినా. సామీ, డాక్టర్లు ఇచ్చిన చెప్పుల్లేకుండా నేను యాడికీ ఒక్క అడుగు గూడా ఏసింది లేదు, ఏసుంటే నా కాళ్లు పోనీ అని.” ఆమె ముఖం వెలిగిపోతోంది. “అంత ఎండలో కాలికి సుర్రుమంటే ఒట్టు. అందరూ ఎగిరెగిరి నడస్తా ఉండారు. నాకు మాత్రం సల్లగా ఉండాది. సామి మహిమ.”

ఒట్టి కాళ్లతో ఎప్పుడూ నడవలేదని ప్రమాణం చెయ్యడానికి, పుండున్న కాలితో, మే నెల ఎండలో, కాలిన రాతి మీద, ఒట్టి కాళ్లతో మూడు చుట్లు. అందులో ఆమెకు తప్పేమీ కనిపించలేదు. పక్కనే ఉన్న కొడుక్కీ కనిపించలేదు. బీకాం చదివిన కొడుకు. వెక్కిరిద్దామంటే, ఆమెను అక్కడికి పంపింది నేనే.

దామోదరం సంచిలోంచి పసుపు జత తీసి గడప మీద పెట్టాడు.

“ఇంట్లో ఏసుకోనీకి చేసినానమ్మా. తోలు లేదు. గుడ్డ, రబ్బరు అంతే. వంటింట్లో, పూజగదిలో, అన్నిట్లో ఇవి ఉండాల్సిందే.”

ఆమె ముఖం మారింది. మునికుమార్ ముఖం ఇంకా మారింది.

“దేవుడి కాడికి చెప్పులా నాయనా?” అంది, చిన్నపిల్లాడు తెలియక ఏదో అంటే సర్దిచెప్పినట్టు.

“చెప్పులనా అమ్మా నీ అభ్యంతరం, నేను చేసినాననా?”

శకుంతలమ్మ నొచ్చుకుంది, నిజంగా నొచ్చుకుంది. “అయ్యో, అట్లా అనుకోబాకప్పా. ఉండు, ఇంకా రవ్వ కాఫీ తెస్తా” అని లోపలికి తిరిగింది.

వాళ్ల హాల్లో తెల్లటి టైల్స్. ఆమె వంటింటి వైపు నాలుగు అడుగులు వేసేసరికి టైల్స్ మీద రెండు తడి గుర్తులు పడ్డాయి. పుండు కట్టు ఉన్న కుడి పాదానివి. నీళ్ల తడి కాదు, అంచుల్లో ఎర్రగా ఉంది. నేను ఇంకా అదేమిటని చూస్తూనే ఉన్నాను. దామోదరం లేచాడు. కాళ్లకున్న చెప్పులతోనే గడప దాటి, హాలు దాటి, వంటింట్లోకి పోయాడు.

“చెప్పులు!” అని కేక పెట్టాడు మునికుమార్. “ఏమప్పా, చెప్పులతో వంటింట్లోకా! ముందు బయటికి రా!”

లోపల దామోదరం ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూలేసి, కింద కూర్చుని, ఆ పాదాన్ని తన ఒళ్లో పెట్టుకున్నాడు. కట్టు విప్పాడు. అడుగున చర్మం అంతా బొబ్బలెక్కి, చితికి, కాగిన పాల మీద మీగడలా ముడతలు పడి జారిపోతోంది. పుండు చుట్టూ నల్లబడింది. “ఏమైంది నాయనా, ఏమైంది?” అని ఆమె పైనుంచి అడుగుతోంది, కాలు ఇంకెవరిదో అయినట్టు. మునికుమార్ వంటింటి గుమ్మంలో నిలబడి ఇంకా చెప్పులు చెప్పులు అంటూనే ఉన్నాడు.

“మీయమ్మ కాలు సూడప్పా” అన్నాడు దామోదరం, “నా కాళ్లెందుకు సూస్తావు?”

అప్పుడు చూశాడు. చూసి కారు తియ్యడానికి పరిగెత్తాడు.

కారులో పడుకోబెట్టి తిరుపతి తీసుకొచ్చాం. మేం కారెక్కేలోపలే వాళ్ల పనిమనిషి ఫినాయిలు వేసి వంటిల్లు కడగడం మొదలుపెట్టింది. చీము కడుగుతోందా, దామోదరం చెప్పులు తొక్కిన చోటు కడుగుతోందా అని నేను అడగలేదు. పసుపు జత గడప మీదే ఉండిపోయింది.

పన్నెండు రోజులు ప్రయత్నించారు. చీము ఎముకకు పట్టింది, జ్వరం దిగలేదు. పదమూడో రోజు కుడి కాలు మోకాలి కింద తీసేశారు. ఆపరేషన్ బాలసుబ్రమణ్యం గారే చేశారు. మర్నాడు కంప్యూటర్లో ఆమె పేరుకు ఎదురుగా ఒక వరుస నిండింది. ప్రత్యేక చెప్పుల వర్గం. ధరించినది, ఎల్లప్పుడూ. ఫలితం, కాలి తొలగింపు. అంటే మా పరిశోధన ప్రకారం ఆ కాలు పోయింది దామోదరం చెప్పులు వేసుకోవడం వల్ల.

ఈసారి నేను ఎవరినీ అడగలేదు. ఆ వర్గంలో ఉన్న మిగతావాళ్లలో ఇరవై మందికి ఫోన్ చేసి, ఇంట్లో వేసుకుంటున్నారా అని అడిగాను. పందొమ్మిది మంది నవ్వారు. ఒకాయన, “ఇంట్లో చెప్పులేంది మేడం, మేము మనుషులం గాదా?” అన్నాడు. వేసుకుంటున్నానన్న ఒక్కావిడా చర్చి పక్కన టైలరు, పూజగది లేని ఇల్లు. ఆమెకు పుండు పడలేదు. ఆ జాబితా తీసుకెళ్లి బాలసుబ్రమణ్యం గారి బల్ల మీద పెట్టాను. చదివారు. చాలా ఆసక్తికరంగా ఉందన్నారు. దీని మీద ఇంకో అధ్యయనం చెయ్యొచ్చన్నారు. ఆ తర్వాత చెన్నైలో పోస్టరు పెట్టారు, తేడా లేదని. నా పేరు ఆరోది. తీసెయ్యమని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ పోస్టరు ఎవరు చదివారో తెలియదు గానీ ఆస్పత్రి యాజమాన్యం మాత్రం చదివింది. ప్రయోజనం లేదని మీ డాక్టర్లే తేల్చారు కదా, ఆ గది ఇంకెందుకని అడిగింది. నెలాఖరుకు ఖాళీ చెయ్యాలని దామోదరానికి చెప్పారు. ఆయన సానరాయిని సంచిలో పెట్టుకుంటున్న వారంలోనే శకుంతలమ్మ వచ్చింది, పెట్టుడు కాలితో. చేతికర్ర పట్టుకుని నడక బాగానే నేర్చుకుంది. మునికుమార్ వెనక ఉన్నాడు. ఎడమ పాదానికి కొత్త కొలతలు తీసుకుని చెప్పు చెయ్యమని బాలసుబ్రమణ్యం గారే పంపారు. భారమంతా ఇప్పుడు ఆ పాదం మీదే.

దామోదరం ఆమెను కూర్చోబెట్టి ఎడమ పాదం మీద చేతి వెనక భాగం పెట్టి చూశాడు. చాలాసేపు అలాగే ఉంచాడు. బొటనవేలి మొదట్లో చర్మం గట్టిపడి, దాని కింద రక్తం నల్లగా చేరి ఉంది.

“ఇంట్లో ఎట్లా తిరగతా ఉండావమ్మా?”

“బాగా తిరగతా ఉండా నాయనా” అంది మురిపెంగా. “వంటంతా నేనే. పూజగదిలోకి గూడా పోతా ఉండా. దీపం నేనే పెడతా.”

“ఈ కాలితోనే?” అని పెట్టుడు పాదాన్ని వేలితో నొక్కాడు.

“దీంతోనే.”

“ఇది రబ్బరమ్మా. నేను కోసే షీటు జాతిదే. ఈ రబ్బరు దేవుడి కాడికి పోవచ్చు. అదే రబ్బరు నీ కాలి కింద పెడితే గడప బయట పెట్టినావు.”

“అది వేరప్పా” అన్నాడు మునికుమార్. “ఇది కాలు.”

“ఏం వేరు?”

మునికుమార్ తల్లి పెట్టుడు పాదం వైపు చూశాడు.

“ఇంకో కాలుండాది” అన్నాడు దామోదరం. అంత కరుకుగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. “ఈడ సూడు, అప్పుడే రగతం చేరింది. ఇది గూడా పోతే రెండూ రబ్బరే అయితాయి. అప్పుడు ఎవురికీ మైల రాదు. అంతవరకూ కాసుకోనుంటావా తల్లీ?”

శకుంతలమ్మ ఏడ్చింది. పమిట నోటికి అడ్డం పెట్టుకుని, ముక్కు చీదుకుంటూ, ఇంతకాలం ఏడవనిదంతా ఏడ్చింది. దామోదరం ఓదార్చలేదు. పసుపు గుడ్డ వేసి అప్పటికే పాత కొలతలతో చేసి ఉంచిన చెప్పు తీసి, బొటనవేలి దగ్గర రబ్బరును గుంటగా చెక్కడం మొదలుపెట్టాడు. ఆమె కళ్లు తుడుచుకుని ఎడమ కాలు ముందుకు చాపింది.

“తొడుగు నాయనా.”

“అమ్మా, ఇంటికాడ...” అన్నాడు కొడుకు.

“ఇంటికాడ నడిసేది నువ్వా నేనా? పొద్దున లేసినకాడ్నుంచి పండుకునే దాకా దీన్ని తియ్యను. పూజగదిలోకి గూడా ఏసుకునే పోతా. పాపమొస్తే నాకొస్తాది, నీకేంది?” అని కసిరి, దామోదరం వైపు తిరిగింది. “నమ్మకపోతే నువ్వే మా ఇంటికొచ్చి సూసుకో.”

“వస్తే చెప్పులిప్పి రావాల్నా?” అన్నాడు దామోదరం.

ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. ఒక్క క్షణం నిజాయితీగా ఆలోచించింది.

“వసారాలో ఇడిసిపెడుదువులే” అంది.

దామోదరం పగలబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నవ్వుతూనే వంగి ఆ చెప్పు పట్టీ మడమ చుట్టూ బిగించి, వేలు దూరుతుందో లేదో చూసి, లేచి నడవమన్నాడు.

నెలాఖరుకు ఆ గదికి తాళం వేశారు. ఇప్పుడందులో మళ్లీ చీపుర్లూ బకెట్లూ ఉన్నాయి. దామోదరం పల్లెలో తన ఇంటి ముందు పీట వేసుకుని, వెతుక్కుంటూ వచ్చినవాళ్లకు చెప్పులు కోస్తున్నాడు. పోస్టరు చూసిన వేరే ఊళ్ల డాక్టర్లు ఒకరిద్దరు మా లెక్కలు కావాలని ఉత్తరాలు రాశారు. పంపించారు. ఏడాది దాటింది. ప్రత్యేక చెప్పుల వల్ల తేడా లేదన్నది ఇప్పుడు అచ్చయిన నిజం. శకుంతలమ్మ ఎడమ కాలు ఇంకా ఉంది.